పంపేవారే బయలుదేరిన వేళ

యెరూషలేము ప్రాకారాలు కూలిపోయి ఉన్నాయన్న వార్త నెహెమ్యాకు చేరింది కిస్లేవు మాసంలో. రాజు ముందు నోరు విప్పి సెలవు అడిగింది నీసాను మాసంలో. ఈ రెంటికీ మధ్య నాలుగు నెలలు గడిచాయి. ఆ నాలుగు నెలలూ ఆయన దుఃఖించాడు, ఉపవాసమున్నాడు, ప్రార్థించాడు. తన కొలువు మానకుండా రాజుకు గిన్నె అందిస్తూనే ఉన్నాడు. తన జనుల దుస్థితి విన్న వెంటనే ఇంకెవరినో అక్కడికి పంపించమని రాజును కోరవచ్చు. షూషను కోటలో ఉన్న మనిషికి అది సులువైన పని. కానీ నాలుగు నెలల ప్రార్థన తర్వాత ఆయన నోట వచ్చిన మనవి, తననే పంపమని.

మన సంఘాల్లో భారం అన్న మాట తరచుగా వింటుంటాం. ఫలానా గ్రామం పట్ల భారం ఉందని, యువత పట్ల భారం ఉందని సాక్ష్యాల్లో చెప్పుకుంటాం. అక్కడికి ఎవరినైనా లేపమని ప్రభువును అడుగుతాం. ఆ 'ఎవరినైనా' అన్న మాట దగ్గరే మన ప్రార్థనలు చాలావరకు ఆగిపోతాయి. ఈ వారం మనం జ్ఞాపకం చేసుకుంటున్న దైవజనుడు కూడా కొన్నేళ్లపాటు ఇతరుల్ని పంపే పనిలోనే ఉన్నారు. ఆ పనిని చక్కగా చేశారు, దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. చివరికి తాను ఇతరుల్ని పంపిన చోటికే తానూ వెళ్లవలసి వచ్చింది. ఆయనే బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తమిళనాట పుట్టి, తెలుగువారి మధ్య బతికి, డోర్నకల్ మట్టిలో విశ్రమించిన వ్యక్తి.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై అనే చిన్న గ్రామంలో పుట్టారు. నేడు అది తూత్తుకుడి జిల్లాలో ఉంది. ఎర్రటి ఇసుక నేల, కనుచూపు మేర తాటి చెట్లు. ఆ చెట్లెక్కి కల్లు, బెల్లం తీసి బతికే నాడార్ కులస్థులను ఆ రోజుల్లో పై కులాలవారు దగ్గరికి రానిచ్చేవారు కాదు. తండ్రి థామస్ వేదనాయకం ఆ కులం నుంచే క్రీస్తును నమ్ముకుని, ఆంగ్లికన్ సంఘంలో గురువుగా పనిచేశారు. తల్లి ఎలెన్ బిడ్డ కోసం హన్నాలా ఏళ్ల తరబడి దేవుని సన్నిధిలో కనిపెట్టింది. బిడ్డ పుట్టాక శామ్యూల్ అని పేరు పెట్టుకుంది. దేవునికి అప్పగించిన బిడ్డ అన్న ఎరుకతోనే పెంచింది. సేవకుల ఇళ్లలో ప్రార్థించే తల్లులు చేసే పని ఎవరి నివేదికల్లోనూ కనిపించదు. అయినా ఈ జీవితాన్ని అక్కడి నుంచి కాక ఇంకెక్కడి నుంచి మొదలుపెట్టగలం?

చదువు కోసం మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్లారు. డిగ్రీ పరీక్షల వేళ జబ్బు పడటంతో పట్టా అందుకోకుండానే బయటికి వచ్చారు. 1895లో వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరారు. మరుసటి సంవత్సరం అమెరికా నుంచి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీతో స్నేహం కుదిరింది. ఒకరు తెల్లవారు, ఒకరు భారతీయుడు. పాలకులూ పాలితులూ ఒకే బల్ల దగ్గర కూర్చోని కాలంలో వీరిద్దరూ కలిసి తిరిగారు, కలిసి ప్రార్థించారు, ఒకరి తప్పులు ఒకరు చెప్పుకున్నారు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. 1898లో అజరయ్యకు అన్బు మరియమ్మాళ్‌తో వివాహమైంది. దక్షిణ భారత క్రైస్తవ స్త్రీలలో కాలేజీ చదువు చదివిన తొలి తరానికి చెందినవారు ఆమె. తర్వాత డోర్నకల్‌లో జరిగిన పనిలో ఆమె పాలు ఎంతో చెప్పలేం.

కార్యదర్శి ఉద్యోగంలో పద్నాలుగేళ్లు రైళ్లలోనూ బండ్ల మీదా దక్షిణ భారతమంతా తిరిగారు. విద్యార్థులతో బైబిలు చదివించడం, కూటాలు నడిపించడం, యువకుల్ని సేవకు పురికొల్పడం ఆయన పని. మంచి ఉపన్యాసకులు. వినేవారు కదిలిపోయేవారు.

1902లో ఎడ్డీతో కలిసి సింహళంలోని యాళ్పాణం, అంటే జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవ విద్యార్థులు తమలో నుంచే, తమ డబ్బుతోనే సువార్తికుల్ని ఇతర ప్రాంతాలకు పంపుతున్నారు. అజరయ్య ఆగి ఆలోచించింది అక్కడే. జాఫ్నా సంఘం చిన్నది. తిరునెల్వేలి సంఘం దానికంటే ఎంతో పెద్దది. వేలాది విశ్వాసులు, పాఠశాలలు, పెద్ద పెద్ద దేవాలయాలు, తరతరాల సాక్ష్యం ఉన్నాయి. ఇన్ని ఉన్నా సువార్త ప్రకటన తెల్లదొరల పని అని, దానికి డబ్బు ఇంగ్లండు నుంచి రావాలని అందరూ అనుకుంటున్నారు. పుచ్చుకోవడమే అలవాటైన సంఘం ఇవ్వడం మరిచిపోయింది. ఈ సంగతి ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు.

ఇంటికి వచ్చి పెద్దల్ని కూడగట్టారు. 1903 ఫిబ్రవరి 12న పాలయంకోటలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. మనుషులు భారతీయులే, నిర్వహణ భారతీయులదే, డబ్బు భారతీయులదే కావాలన్నది దాని నియమం. ఎక్కడికి వెళ్లాలి అన్నది తర్వాతి ప్రశ్న. సొంత భాష మాట్లాడే ప్రాంతమే తీసుకుంటే సులువుగా ఉండేది. కానీ వారు ఎంచుకున్నది నైజాం రాజ్యంలో, మానుకోట తాలూకాలో, సువార్త అందని తెలుగు పల్లెలను. నేటి మహబూబాబాద్ ప్రాంతం అది. 1904 నాటికే సొసైటీ తరఫున తొలి సేవకులు వెళ్లారు. తిరునెల్వేలి తాటితోపుల్లో కానుకలు పోగవుతుంటే, డోర్నకల్ అడవి దారుల్లో సువార్తికులు నడిచారు.

1905 క్రిస్మస్ నాడు శ్రీరాంపూర్‌లో, విలియం కేరీ పనిచేసిన ఊళ్లో, అన్ని ప్రాంతాల భారత క్రైస్తవులు కలిసి నేషనల్ మిషనరీ సొసైటీని ప్రారంభించారు. దానికి ప్రధాన కార్యదర్శిగా అజరయ్యనే ఎన్నుకున్నారు. 1907లో టోక్యోలో జరిగిన ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య సభలకు వెళ్లి వచ్చారు. అప్పటికి ఆయన వయసు ముప్పై మూడు దాటలేదు. పేరుంది, గౌరవముంది, తృప్తినిచ్చే పని ఉంది. ఆ స్థితిలో ఉన్న మనిషిని ఇంకేదో పిలుస్తోందంటే లోకం నమ్మదు.

సొసైటీ కార్యదర్శిగా ఆయన అప్పుడప్పుడు డోర్నకల్ వచ్చి పని ఎలా జరుగుతోందో చూసి వెళ్లేవారు. చూసింది ఆయన వెంట వచ్చేది. ఊరి వెలుపల గుడిసెలు, వెట్టి చాకిరీ, పొద్దంతా దొరల పొలాల్లో పనిచేసి చీకటి పడ్డాక వాక్యం వినడానికి కూర్చునే మాల, మాదిగ కుటుంబాలు. చేరేవారు పెరుగుతున్నారు, నేర్పేవారు లేరు. బాప్తిస్మం ఇవ్వాలన్నా, ప్రభురాత్రి భోజనం పంచాలన్నా అభిషిక్తుడైన గురువు దూరం నుంచి రావాలి. మద్రాసు తిరిగి వెళ్లి విద్యార్థి సభల్లో నిలబడి, కోతకు పనివారు కావాలని యువకుల్ని అడుగుతుంటే, ఆ ప్రశ్న తిరిగి తన మీదికే వచ్చేది. నువ్వెందుకు వెళ్లవు? ఇతరుల కొడుకుల్ని ఏ నోటితో పంపమంటున్నావు?

మేము ఈ జీవితాన్ని చదివినప్పుడల్లా ఎక్కువసేపు నిలిచేది ఇక్కడే. ఆయనకు ఆకాశం నుంచి మెరుపు మెరవలేదు. కొత్త దర్శనమేదీ వచ్చినట్టు కనబడదు. తాను ఏళ్లుగా ఇతరులకు చెబుతున్న సందేశాన్ని ఒకసారి తనకు తాను చెప్పుకున్నారు, అంతే. బోధకులకు ఇది అన్నిటికంటే కష్టమైన పని. వేదిక మీద నుంచి పిలుపునిచ్చేవారు పిలుపు వినే వరుసలో కూడా తామే ఉన్నామని మరిచిపోవడం ఎంత సులభమో, ఏ సభకు వెళ్లినా కనిపిస్తుంది.

అన్బు అమ్మగారు ఒప్పుకున్నారు. పిల్లలున్న ఇల్లు, మద్రాసు వంటి నగరంలో నడుస్తున్న జీవితం, అవన్నీ వదిలి భాష తెలియని చోటికి రావడానికి ఆమె సిద్ధపడ్డారు. 1909లో అజరయ్య వై.ఎం.సి.ఎ. పని వదిలారు. జూన్ నెలలో డీకన్‌గా, డిసెంబరులో గురువుగా అభిషేకం పొందారు. డోర్నకల్ చేరారు.

అప్పటి డోర్నకల్ అంటే ఒక రైల్వే జంక్షను. అక్కడి నుంచి ఇల్లెందు బొగ్గు గనులకు మరో లైను విడిపోతుంది. చుట్టూ అడవి. ఇల్లు సిద్ధమయ్యేదాకా కుటుంబం డేరాలో కాపురం పెట్టింది. ముప్పై అయిదేళ్ల వయసులో ఆయన తెలుగు అక్షరాలు దిద్దడం మొదలుపెట్టారు. రెండు వేల మంది విద్యార్థుల్ని కదిలించగల ఉపన్యాసకుడు, పల్లె పిల్లల ముందు తప్పుల తెలుగు మాట్లాడుతూ కూర్చున్నారు. అలా కూర్చోవడానికి ఎంత వినయం కావాలో, పెద్ద వయసులో కొత్త భాష నేర్చుకున్నవారికే తెలుస్తుంది.

మా డోంగ్లి వైపు వారికి ఈ సంగతి ఇంకాస్త దగ్గరగా తగులుతుంది. మహారాష్ట్ర సరిహద్దును ఆనుకుని ఉన్న పల్లెలు మావి. 2022లో మండలంగా ఏర్పడే వరకు డోంగ్లి మద్నూరు మండలంలోని గ్రామం. ఇక్కడ ఒకే వీధిలో తెలుగు వినిపిస్తుంది, మరాఠీ వినిపిస్తుంది, కన్నడ, ఉర్దూ కూడా వినిపిస్తాయి. ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాష, బడిలో ఇంకో భాష. ఇలాంటి చోట పరిచర్యకు వచ్చే సేవకుడికి వాక్యం తెలిస్తే చాలదు. ముసలమ్మ తన బాధను ఏ భాషలో చెప్పుకుంటుందో ఆ భాషలో వినగలగాలి. తెలంగాణకు ఆ కొసన ఉన్న డోర్నకల్‌లో ఒక తమిళుడు తెలుగు నేర్చుకున్న కథ, ఈ కొసన ఉన్న మనకు అందుకే పరాయిది కాదు.

1910 జూన్‌లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సభికులు సుమారు పన్నెండు వందల మంది. వారిలో ఆసియా దేశాలవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ కొద్దిమందిలో ఒకరైన అజరయ్యకు మాట్లాడే అవకాశం వచ్చింది. విదేశీ సేవకుల త్యాగాలను ఆయన కాదనలేదు, కృతజ్ఞతతోనే తలుచుకున్నారు. కానీ వారికీ భారతీయ సేవకులకూ మధ్య ఉన్న దూరాన్ని దాచలేదు. యజమాని, పనివాడు అన్న సంబంధం తప్ప స్నేహం లేదని, ధర్మం చేసే చేయి కంటే స్నేహం చేసే చేయి కావాలని ఆ పెద్దల ముఖం మీదే చెప్పారు. సభలో కలకలం రేగింది. కొందరికి కోపం వచ్చింది. ఆ ప్రసంగం నేటికీ ప్రపంచ సంఘ చరిత్రలో నిలిచి ఉంది. మన కాలానికి అది సాధారణమైన మాటగా అనిపించవచ్చు. 1910లో ఒక నల్లజాతి గురువు తెల్ల బిషప్పుల ముందు నిలబడి ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించుకోవాలి.

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ అప్పటికే ఒక ఆలోచనలో ఉన్నారు. భారతీయుణ్ణి బిషప్‌గా చేయాలన్నది ఆ ఆలోచన. మొదట తిరునెల్వేలిలోనే సహాయ బిషప్‌గా నియమిద్దామనుకున్నారు. దానికి వ్యతిరేకత రెండు వైపుల నుంచీ వచ్చింది. భారతీయుడి కింద పనిచేయడం ఇష్టం లేని విదేశీ మిషనరీలు ఒకవైపు. నాడార్ కులస్థుడు తమకు అధ్యక్షుడు కావడం సహించలేని సొంత ఊరి క్రైస్తవులు మరోవైపు. ఇది రాయడానికి మనసు నొచ్చుకుంటుంది గానీ రాయకుండా ఉంటే అది నిజమైన చరిత్ర కాదు. క్రీస్తు దేహంలో కులం ఆనాడే కూర్చుని ఉంది, నేటికీ మన ఎన్నికల వేళ లేచి నిలబడుతుంది.

చివరికి డోర్నకల్ కేంద్రంగా ఒక చిన్న డయోసీసును ఏర్పాటు చేసి ఆయన్ని అక్కడికే బిషప్‌గా నిర్ణయించారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. తన జీవితకాలంలో డయోసీసు బాధ్యత వహించిన భారతీయ ఆంగ్లికన్ బిషప్ మరొకరు లేరన్నది కూడా గమనించాలి. అంటే ముప్పై రెండేళ్లపాటు ఆ కుర్చీలో ఆయన ఒంటరి. ఆయన తప్పటడుగు వేస్తే, భారతీయులకు ఈ పదవి చేతకాదని అనడానికి కాచుకున్నవారు ఎందరో.

అధ్యక్ష పీఠం దొరికింది కదా అని ఆయన బంగళాలో కూర్చోలేదు. ఎడ్లబండి మీద, కాలినడకన పల్లె పల్లెకూ తిరిగారు. 1920 తర్వాత కృష్ణా, గుంటూరు, కర్నూలు జిల్లాల్లోని ఆంగ్లికన్ సంఘాలు కూడా డోర్నకల్ కిందికి వచ్చాయి. అంతవరకూ చిన్నదిగా ఉన్న డయోసీసు ఒక్కసారిగా విశాలమైంది. చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగలే. అపరిశుభ్రత, రోగం, అప్పు, తాగుడు ఈ నాలుగూ పల్లె విశ్వాసిని పట్టి పీడించే దయ్యాలని ఆయన చెబుతుండేవారు. వాటిని వెళ్లగొట్టకుండా ఆత్మల రక్షణ గురించి మాత్రమే మాట్లాడటం ఆయనకు చేతకాలేదు. అందుకే బాప్తిస్మానికి సిద్ధపరిచే పాఠాల పక్కనే రాత్రి బడి నడిచింది, వైద్యశాల నడిచింది, వడ్డీ వ్యాపారి చేతిలో నుంచి తప్పించే సహకార సంఘం నడిచింది, అచ్చు యంత్రం నడిచింది.

ఆయన పరిచర్యలో మమ్మల్ని అన్నిటికంటే ఆకట్టుకునేది ఒక చిన్న అలవాటు. బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరిచేతా, చదువు వచ్చినా రాకపోయినా, చేతిని సొంత తలమీద పెట్టించి ఒక ప్రమాణం చెప్పించేవారు. తాను బాప్తిస్మం పొందానని, సువార్త ప్రకటించకపోతే తనకు శ్రమ అని. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో తొమ్మిదో అధ్యాయంలో పౌలు తన గురించి చెప్పుకున్న మాట అది. దాన్ని అపొస్తలుడి మాటగా ఉంచకుండా, నిన్న మొన్నటి దాకా వెట్టి చేసిన కూలీ నోట పలికించారు. నాగలి పట్టే చేయి, చెప్పు కుట్టే చేయి, ఊడుపు వేసే చేయి తలమీదికి వెళ్లి ఆ మాట పలికేది. మరునాడు ఆ మనిషి పక్క ఊళ్లోని చుట్టాల దగ్గరికి వెళ్లి యేసు గురించి చెప్పేవాడు. డోర్నకల్ డయోసీసులో సంఘం పెరిగిన దారి ఎక్కువగా అదే. జీతమున్న ఉపదేశి చేరుకోకముందే చుట్టరికం చేరుకునేది.

అలాగని చదువూ శిక్షణా అక్కర్లేదని ఆయన అనుకోలేదు. ఉపదేశులకు, గురువులకు శిక్షణ ఇచ్చే విద్యాలయం డోర్నకల్‌లో నడిచింది. అక్కడికి వచ్చేవారు భార్యల్ని, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవారు. పల్లె గుడిసెల వంటి ఇళ్లలోనే ఉండేవారు, భర్తతో పాటు భార్య కూడా నేర్చుకునేది. పట్నపు సుఖాలకు అలవాటు పడితే పల్లెకు తిరిగి వెళ్లరన్న జాగ్రత్త ఇందులో ఉంది. స్త్రీల పనిని అన్బు అమ్మగారు చూసుకున్నారు. మదర్స్ యూనియన్‌ను పల్లెల దాకా తీసుకువెళ్లారు. వంట చేసేముందు పిడికెడు బియ్యం ప్రభువు కోసం వేరే కుండలో వేసే అలవాటును స్త్రీలు పాటించారు. డబ్బు కళ్లజూడని ఇల్లాలికి కూడా ఇవ్వడానికి ఏదో ఒకటి ఉండేది. పేద సంఘాలు తమ కాళ్లమీద నిలబడాలన్న అజరయ్య ఆశకు ఆ కుండలే పునాది అయ్యాయి. క్రైస్తవ దానం గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు.

కోలాటం, భజన, తెలుగు కీర్తనలు ఆరాధనలోకి వచ్చాయి. పంటల పండుగలకు విశ్వాసులు ధాన్యం, కోళ్లు, కూరగాయలు తెచ్చి బలిపీఠం ముందు పెట్టేవారు. ఇంగ్లండు సంఘ ఆచారాలను ఇష్టంగా పాటించిన మనిషే వీటిని కూడా ప్రోత్సహించారు. ఆయనలో ఈ రెండూ ఉన్నాయి. కొందరు విమర్శకులకు ఆయన మరీ ఆంగ్లేయ పద్ధతిలో కనిపించారు, మరికొందరికి మరీ దేశీయంగా కనిపించారు.

1924 నాటికి డయోసీసులో విదేశీ గురువులు 8 మంది, భారతీయ గురువులు 53 మంది. 1935 నాటికి భారతీయ గురువులు 250 మంది, పల్లె ఉపాధ్యాయులు రెండు వేలకు పైగా ఉన్నారు. ఆయన చివరి సంవత్సరాలకు విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. ఈ లెక్కల్లో మేము ముఖ్యంగా చూడమనేది విశ్వాసుల సంఖ్యను కాదు, పల్లె ఉపాధ్యాయుల సంఖ్యను. ఒక నాయకుడికి పిలుపు ఉందో లేదో అతని వెనక ఎంతమంది నడిచారన్న దానిలో తెలియదు. అతని పక్కన ఎంతమంది పని నేర్చుకుని నిలబడ్డారన్న దానిలో తెలుస్తుంది. సొంత కొడుకు తప్ప ఇంకెవరికీ మైకు ఇవ్వని సేవకులున్న కాలంలో మనం బతుకుతున్నాం కాబట్టి ఈ మాట చెప్పక తప్పడం లేదు.

అన్నీ సవ్యంగా జరిగాయని కాదు. మాల, మాదిగల మధ్య ఉన్న పాత దూరం సంఘంలోకి వచ్చాక కూడా పోలేదు. ఒకే పాత్రలో నుంచి తాగడానికి, ఒకరి ఇంటికి ఒకరు సంబంధం వెళ్లడానికి ఇష్టపడనివారు ఉండేవారు. ఆయన గద్దించారు, బతిమాలారు, క్రమశిక్షణ చర్యలు తీసుకున్నారు. తప్పు చేసిన గురువుల విషయంలో చాలా కఠినంగా ఉండేవారని పేరు. ఆ గోడ ఆయన తరంలో కూలలేదు. అయినా మరో విచిత్రం జరిగింది. తమ కళ్ల ముందే మాల, మాదిగల బతుకులు మారడం చూసి, తాగుడు మానడం చూసి, ఇతర కులాల రైతులు కూడా సువార్త వినడానికి వచ్చారు. వారిని తీసుకువచ్చింది ఏ పండితుడి వాదనా కాదు, తమ పొలంలో పనిచేసే కూలీ జీవితం.

1930లలో మతమార్పిడి విషయంలో గాంధీజీకీ ఆయనకూ గట్టి భేదాభిప్రాయం వచ్చింది. హరిజనుల నిస్సహాయతను మిషనరీలు వాడుకుంటున్నారన్నది గాంధీజీ అభిప్రాయం. ఆ పేదలకూ ఆత్మ ఉందని, తమ దేవుణ్ణి ఎంచుకునే తెలివి ఉందని అజరయ్య నమ్మకం. ఇద్దరూ దేశాన్ని ప్రేమించినవారే. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని, సంఘం రాజకీయ వర్గంగా మారకూడదని అజరయ్య గట్టిగా వాదించారన్నది చాలామందికి తెలియదు.

డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్‌ను చూసినవారికి ఆయన మనసు సగం తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం, డబ్బు కొరత వల్ల దాని నిర్మాణం ఏళ్లకేళ్లు సాగింది. దూరం నుంచి చూస్తే గుమ్మటాలతో, మినార్లతో మసీదులా ఉంటుంది. దగ్గరికి వెళితే దేవాలయ మండపంలా చెక్కిన రాతి స్తంభాలు, వాటిమీద తామరపూలు. వీటన్నిటి మధ్య సిలువ. విదేశీ గోపురాన్ని తెచ్చి తెలంగాణ పొలాల మధ్య నిలబెట్టడం ఆయనకు ఇష్టం లేదు. 1939 జనవరి 6న, జ్ఞానులు యేసును దర్శించిన పండుగ రోజున, దాన్ని ప్రతిష్ఠించారు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆ పల్లెటూరి గురువు కొడుక్కి కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం 1920లోనే గౌరవ డాక్టరేటు ఇచ్చింది. దాని గురించి ఆయన ఎక్కువగా చెప్పుకున్నట్టు కనిపించదు.

ఇంకో భారం కూడా ఆయన మీద ఉండేది. సంఘాల ఐక్యత. ఒక పల్లెలో ఆంగ్లికన్లు, పక్క పల్లెలో మెథడిస్టులు, ఆ పక్కన బాప్టిస్టులు. ఈ విభజనలు మన పల్లెల్లో పుట్టినవి కావు, యూరపు చరిత్రలో నుంచి వచ్చినవి. కొత్తగా నమ్మిన కూలీకి వీటిని ఎలా వివరించాలి? 1919లో తరంగంబాడిలో వివిధ సంఘాల భారతీయ సేవకులు కలిసి ఐక్యత కోసం ప్రకటన చేసినప్పుడు దాని వెనక అజరయ్య ఉన్నారు. 1927లో స్విట్జర్లండులోని లోసాన్ మహాసభలో ఇదే వేదన వినిపించారు. పాశ్చాత్య సంఘాలకు విభజన ఒక బలహీనత కావచ్చు, సువార్త ప్రకటించవలసిన చోట అది పాపమన్నది ఆయన వాదన. చర్చలు సాగుతూనే ఉన్నాయి. ఒక ఏడాది ముందుకు వెళితే రెండేళ్లు వెనక్కి. బిషప్పుల అధికారం, అభిషేక క్రమం, ప్రభురాత్రి భోజనం, ప్రతిదీ వివాదమే. ఇరవై అయిదేళ్లపాటు ఆయన విసుగు చెందకుండా ఆ బల్లల దగ్గర కూర్చున్నారు.

1944 చివరి రోజుల్లో కూడా పల్లెల పర్యటనలోనే ఉన్నారు. జ్వరంతో ఇంటికి చేరారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ప్రభువులో నిద్రించారు. వయసు డెబ్బై. ఆయన్ని కెథడ్రల్ పక్కనే సమాధి చేశారు. తిరునెల్వేలికి తీసుకువెళ్లాలన్న ప్రశ్న రాలేదు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జెస్ కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్కటయ్యారు. మెదక్‌లోనూ, నిజామాబాద్ ప్రాంతంలోనూ వెస్లియన్ మెథడిస్టులు నాటిన సంఘాలు ఆరోజు డోర్నకల్ సంఘాలతో కలిసి ఒకే కుటుంబమయ్యాయి. ఆ ఆరాధనలో కూర్చోవలసిన డోర్నకల్ బిషప్ అప్పటికి రెండేళ్ల ఎనిమిది నెలలుగా తన కెథడ్రల్ నీడలో విశ్రమిస్తున్నారు.